పంక్ రాక్ ఆల్బమ్‌లు కొనడం ఎలా: ఏవి కొనాలి, ఏ ఎడిషన్ చూడాలి, ఇంటికొచ్చాక ఏం పరీక్షించాలి

"పంక్ వినడం మొదలుపెట్టాం, సొంతంగా దాచుకోదగ్గ ఆల్బమ్‌లు ఏవో చెప్పండి" అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. పేర్ల జాబితా ఒక్కటే ఇస్తే సగం పనే అవుతుంది. ఈ సంగీతంలో ఒకే పేరుతో వచ్చిన రెండు రికార్డుల్లో పాటలే వేరుగా ఉండొచ్చు. పార్సిల్ విప్పాక, ఏ పాట కోసం కొన్నారో అదే లేకపోతే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే పేరుతో పాటు ఎడిషన్ కూడా చెబుతున్నాం. అమ్మేవాళ్లను ఏం అడగాలో, రికార్డు చేతికొచ్చాక ఎలా చూసుకోవాలో కూడా వరుసగా ఉంది.

ముందుగా దగ్గర ఉండాల్సినవి

- ముల్లు బరువు సరిచేసుకునే వీలున్న టర్న్‌టేబుల్, ఫోనో ప్రీయాంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచేది; కొన్ని టర్న్‌టేబుళ్లలో ఇది లోపలే ఉంటుంది), యాంప్లిఫయర్, విడివిడిగా రెండు స్పీకర్లు. సూట్‌కేస్ ఆకారంలో వచ్చే చవక ప్లేయర్లు వద్దు. వాటి ముల్లు గాడి మీద మోపే బరువు ఎక్కువ, సరిచేసుకునే దారీ ఉండదు.
- ముల్లు బరువు తూచే చిన్న డిజిటల్ త్రాసు. 0.01 గ్రాము దాకా చూపించేది.
- కార్బన్ ఫైబర్ బ్రష్, డిస్టిల్డ్ వాటర్, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పనికిరావు. అవి ఆరాక మిగిలే సున్నం గాడిలో చేరి చిటపటలాడుతుంది.
- యాంటీ స్టాటిక్ లోపలి కవర్లు, పాలీప్రొపిలీన్ పై కవర్లు.
- డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌లో ఒక ఖాతా. డబ్బేమీ కట్టక్కర్లేదు. ఒక్కో ఆల్బమ్ ఏ దేశంలో, ఏ ఏడు, ఏ పాటలతో వచ్చిందో అందులో విడివిడిగా నమోదై ఉంటుంది.

అమెరికా నుంచి వచ్చే అన్నయ్యో అక్కో టర్న్‌టేబుల్ తెస్తానంటే వెనకాల రాసిన కరెంటు వివరం ఫోటో తీసి పంపమనండి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. బయట అడాప్టర్‌తో నడిచే మోడల్ అయితే అడాప్టర్ మార్చుకుంటే చాలు. కరెంటు హెర్ట్జ్‌ను బట్టి తిరిగే పాత ఏసీ మోటారు అయితే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వేగం ఆరో వంతు తగ్గుతుంది. రమోన్స్ పాట కూడా ఈడ్చుకుంటూ పాడుతుంది.

టర్న్‌టేబుల్ లేకపోతే సీడీలతో మొదలుపెట్టండి. కింద చెప్పిన ఆల్బమ్‌లు దాదాపు అన్నీ సీడీల్లోనూ వచ్చాయి. సెకండ్ హ్యాండ్ సీడీ ఎల్పీ (టర్న్‌టేబుల్ మీద వాయించే పెద్ద వినైల్ రికార్డు) కన్నా చాలా చవక.

1. కొనే ముందు పూర్తిగా మూడుసార్లు వినండి

స్ట్రీమింగ్‌లో షఫుల్ ఆపేసి మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినండి. ఒకే రోజు మూడుసార్లు కాదు, మూడు వేర్వేరు రోజుల్లో. పంక్ ఆల్బమ్‌లు చిన్నవి కాబట్టి ఇదేమీ పెద్ద పని కాదు. మూడోసారి కూడా ఎక్కడా దాటెయ్యాలనిపించకపోతే కొనండి. ఒక్క పాటే నచ్చితే ఆ పాట సింగిల్ (ఒకటి రెండు పాటలతో విడిగా వచ్చే రికార్డు) చాలు, ఆల్బమ్ అక్కర్లేదు.

స్ట్రీమింగ్‌లో చివర "బోనస్", "డెమో", "లైవ్" అని ఉన్నవి అసలు ఆల్బమ్‌లోవి కావు. అసలు ఎల్పీ ఏ పాటతో ముగిసిందో డిస్కాగ్స్‌లో చూసుకుని అక్కడ ఆపండి.

2. మొదటి విడత: ఈ ఐదు

*రమోన్స్, "రమోన్స్", 1976.* మొదలుపెట్టాల్సింది ఇక్కడే. 14 పాటలు, మొత్తం 29 నిమిషాలు. ఏ పాటా మూడు నిమిషాలు దాటదు. సుమారు 6,400 డాలర్లతో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. గిటార్ సోలో కోసం వెతక్కండి, ఉండదు. గిటారిస్ట్ జానీ రమోన్ చెయ్యి మొదటి నుంచి చివరి దాకా తీగల మీద పైనుంచి కిందకే కొడుతుంది. ఆ కొట్టుడులోనే తాళమూ ఉంది, రాగమూ ఉంది.

ఈ రికార్డుకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఇందులో బేస్ గిటార్ పూర్తిగా ఎడమ స్పీకర్‌లో, గిటార్ పూర్తిగా కుడి స్పీకర్‌లో, డ్రమ్స్, గొంతు మధ్యలో వినిపిస్తాయి. మీ వైర్లు తారుమారయ్యాయో లేదో ఒక్క పాటతో తేలిపోతుంది. ఎడమ వైపు గిటార్ వినిపిస్తే తీగలు మార్చండి. ఒక వైపు అసలేమీ రాకపోతే కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న భాగం) వెనకున్న నాలుగు సన్న తీగల్లో ఏదో ఊడిందన్నమాట. ఇలా విడదీసిన శబ్దం హెడ్‌ఫోన్స్‌లో ఇబ్బందిగా అనిపిస్తే 2016లో వచ్చిన 40 ఏళ్ల ఎడిషన్‌లో మోనో మిక్స్ (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది) ఉంది, అది తీసుకోండి.

*ది క్లాష్, "ది క్లాష్", 1977.* ఎక్కువమంది పొరబడేది దీని దగ్గరే. బ్రిటన్‌లో 1977 ఏప్రిల్‌లో 14 పాటలతో వచ్చింది. అమెరికాలో 1979 జూలైలో 15 పాటలతో వచ్చింది. అమెరికా వాళ్లు "డినై", "చీట్", "ప్రోటెక్స్ బ్లూ", "48 అవర్స్" తీసేసి, మధ్యలో వచ్చిన సింగిల్స్ కలిపారు. తేడా పట్టడం తేలిక. మొదటి పాట "జేనీ జోన్స్" అయితే బ్రిటిష్ ఎడిషన్, "క్లాష్ సిటీ రాకర్స్" అయితే అమెరికన్.

ఏది కొనాలి? ఒక్కటే కొనేట్టయితే బ్రిటిష్‌దే కొనండి. అమెరికన్ ఎడిషన్‌లో గొప్ప పాటలున్న మాట నిజమే. "వైట్ మ్యాన్ ఇన్ హామర్‌స్మిత్ పాలే" కన్నా మంచి పాట ఆ బ్యాండ్ ఎన్నిసార్లు చేసిందని! కానీ రెండేళ్ల వ్యవధిలో వచ్చిన పాటలు పక్కపక్కన కూర్చుంటే ఆల్బమ్‌కు ఉన్న ఊపు తెగిపోతుంది. ఆ సింగిల్స్ విడిగా సంకలనాల్లో దొరుకుతాయి.

*సెక్స్ పిస్టల్స్, "నెవర్ మైండ్ ద బాలక్స్", 1977 అక్టోబర్.* మామూలు ఎడిషన్‌లో 12 పాటలు. తొలి కాపీల్లో కొన్ని 11 పాటలతో వచ్చాయి. పన్నెండోదైన "సబ్‌మిషన్" ఒక వైపే పాట ఉన్న 7 అంగుళాల రికార్డుగా, పోస్టర్‌తో పాటు లోపల పెట్టి ఇచ్చారు. 11 పాటల కాపీని పూర్తి ధరకు అమ్ముతున్నారంటే ఆ చిన్న రికార్డు, పోస్టర్ ఉన్నాయా అని అడగండి. బ్రిటిష్ అట్ట పసుపు, అమెరికన్ అట్ట గులాబీ. వినడానికే అయితే 12 పాటలున్న ఏ కాపీ అయినా చాలు.

*బజ్‌కాక్స్, "సింగిల్స్ గోయింగ్ స్టెడీ", 1979.* సంకలనమే అయినా ఆల్బమ్‌గానే వినాలి. ఎనిమిది సింగిల్స్ మొదటి వైపు పాటలు ఎల్పీ మొదటి వైపు, వాటి వెనక వైపు పాటలు ఎల్పీ రెండో వైపు, విడుదలైన వరుసలోనే ఉన్నాయి. మొత్తం 16. ఇది ముందు అమెరికాలోనే వచ్చింది, బ్రిటన్‌లో 1981లో. కొన్ని సీడీల్లో తర్వాతి సింగిల్స్ కూడా కలిపారు. అవి వినండి గానీ, మొదట 16 దగ్గర ఆగండి.

*ఎక్స్‌రే స్పెక్స్, "జర్మ్‌ఫ్రీ అడలెసెంట్స్", 1978.* పాలీ స్టైరీన్ గొంతు, దాని పక్కనే శాక్సఫోన్. వాళ్ల అన్నిటికన్నా పేరున్న పాట "ఓ బాండేజ్ అప్ యువర్స్" 1977 నాటి సింగిల్, అసలు ఎల్పీలో లేదు. తర్వాతి సీడీల్లో చేర్చారు. ఆ పాట కోసమే కొంటున్నట్టయితే జాబితాలో కనిపించాకే డబ్బు కట్టండి.

3. ఎడిషన్ తేల్చుకోవడం

పద్ధతి ఒక్కటే. అమ్మే కాపీ కేటలాగ్ నంబర్ (అట్ట వీపు మీద, లేబుల్ మీద ఉంటుంది) తీసుకుని డిస్కాగ్స్‌లో వెతకండి. అదే నంబర్‌తో పదిహేను ఎంట్రీలు వచ్చినా కంగారు పడొద్దు. ఈసారి పాటలు అయిపోయాక లేబుల్ చుట్టూ నున్నగా మిగిలే జాగాలో చెక్కిన అక్షరాలు, అంకెలు చూడండి. ప్రెస్సింగ్‌ను (ఏ అచ్చుతో ఒత్తిన కాపీ అన్నది) నిక్కచ్చిగా తేల్చేవి అవే. ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి వాలుగా వేస్తే కనిపిస్తాయి. ఆ కాలపు బ్రిటిష్ రికార్డుల్లో చాలాచోట్ల "ఎ పోర్కీ ప్రైమ్ కట్" అని చేతిరాత కనిపిస్తుంది. అది జార్జ్ పెక్‌హామ్ అనే కటింగ్ ఇంజినీర్ (రికార్డు అచ్చుకు మూలమైన గాడి కోసేవాడు) పెట్టుకున్న గుర్తు.

తరచూ దెబ్బ తినే చోట్లు మూడు:

రమోన్స్ రెండో ఆల్బమ్ "లీవ్ హోమ్" (1977). అందులో "కార్బోనా నాట్ గ్లూ" అనే పాట ఉండేది. కార్బోనా ఒక కంపెనీ ట్రేడ్‌మార్క్ కావడంతో తీసేయాల్సి వచ్చింది. దాని స్థానంలో అమెరికాలో "షీనా ఈజ్ ఎ పంక్ రాకర్", బ్రిటన్‌లో "బేబీసిటర్" పెట్టారు. అంటే ఒకే ఆల్బమ్‌కు మూడు జాబితాలు.

ది అండర్‌టోన్స్ మొదటి ఆల్బమ్ (1979). మొదటి విడుదలలో "టీనేజ్ కిక్స్" లేదు. అదే ఏడాది అట్ట మార్చి మళ్లీ వేసినప్పుడు చేర్చారు. నలుపు తెలుపు అట్ట చూసి తొలి ప్రెస్సింగ్ అని సంబరపడి కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

ది స్టూజెస్ "రా పవర్" (1973). పంక్ కన్నా ముందుదే అయినా పంక్ అరలోనే ఉండాల్సిన రికార్డు. ఇక్కడ పాటలు మారలేదు, మిక్స్ (గొంతు, వాయిద్యాలు ఏవి ఎంత పైకి వినిపించాలో కలిపిన తీరు) మారింది. 1973లో వచ్చినదాన్ని చాలావరకు బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌవీ మిక్స్ చేశాడు. 1997లో వచ్చినదాన్ని బ్యాండ్ గాయకుడు ఇగ్గీ పాప్ మళ్లీ మిక్స్ చేసి శబ్దం విపరీతంగా పెంచాడు. 2010లో బౌవీ మిక్స్ తిరిగి వచ్చింది. రెండూ విని ఎంచుకోండి. బౌవీది పలచగా, గిటార్ ముందుకు దూసుకొచ్చినట్టు ఉంటుంది. 1997ది పది నిమిషాలకే చెవులను అలసట పెడుతుంది, అయినా దాన్నే ఇష్టపడేవాళ్లు ఉన్నారు.

4. ఎల్పీయా, సీడీయా

180 గ్రాముల రికార్డు కాబట్టి బాగుంటుందనుకోవద్దు. బరువు వేరు, శబ్దం వేరు. 120 గ్రాముల పాత ప్రెస్సింగే మెరుగ్గా వినిపించే సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఏ టేప్ నుంచి కట్ చేశారన్నదే ముఖ్యం.

మైనర్ థ్రెట్ విషయంలో సీడీయే సుఖం. 1989లో డిస్కార్డ్ రికార్డ్స్ వేసిన "కంప్లీట్ డిస్కోగ్రఫీ"లో 26 పాటలు ఒకేచోట ఉన్నాయి. మినిట్‌మెన్ "డబుల్ నికిల్స్ ఆన్ ద డైమ్" (1984) దీనికి తలకిందులు. రెండు ఎల్పీల్లో ఉన్న 45 పాటల్లో కొన్నిటిని సీడీలో పట్టక వదిలేశారు. దాన్ని ఎల్పీగానే కొనండి. క్లాష్ "లండన్ కాలింగ్" రెండు ఎల్పీలు ఒక్క సీడీలో పూర్తిగా పడతాయి. పాత ఎల్పీ అట్ట మీద జాబితాలో చివరి పాట "ట్రెయిన్ ఇన్ వెయిన్" పేరు ఉండదు. పాట మాత్రం నాలుగో వైపు చివర ఉంటుంది. పేరు లేదని కాపీ తిప్పి పంపకండి.

5. రెండో విడత

మొదటి ఐదింటిని రెండు నెలలు తిప్పాక వీటికి రండి. వైర్ "పింక్ ఫ్లాగ్" (1977): 35 నిమిషాల్లో 21 పాటలు, చెప్పాల్సింది అయిపోగానే పాట ఆగిపోతుంది. ది డామ్‌డ్ "డామ్‌డ్ డామ్‌డ్ డామ్‌డ్" (1977 ఫిబ్రవరి): బ్రిటిష్ పంక్‌లో మొదటి ఆల్బమ్. తొలి కాపీల్లో కొన్నిటి వెనక అట్ట మీద వేరే బ్యాండ్ ఫోటో ఉంటుంది. ఆ కాపీలకు అడిగే ధర వినేవాళ్ల కోసం కాదు, సేకర్తల కోసం. స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ "ఇన్‌ఫ్లేమబుల్ మెటీరియల్" (1979): ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ వీధుల్లో సైన్యం ఉన్న రోజుల నుంచి వచ్చిన గొంతు. ది స్లిట్స్ "కట్" (1979): జమైకా సంగీతమైన రెగ్గే వైపు తిరిగిన పంక్, మంచి బేస్ ఉన్న స్పీకర్లలో వినండి. డెడ్ కెన్నెడీస్ "ఫ్రెష్ ఫ్రూట్ ఫర్ రాటింగ్ వెజిటబుల్స్" (1980). బ్లాక్ ఫ్లాగ్ "డ్యామేజ్డ్" (1981). బ్యాడ్ బ్రెయిన్స్ మొదటి ఆల్బమ్ (1982): అప్పట్లో క్యాసెట్‌గానే వచ్చింది, కాబట్టి "ఒరిజినల్ 1982 ఎల్పీ" అని ఎవరైనా అమ్మితే నమ్మొద్దు.

6. డబ్బు కట్టే ముందు అమ్మేవాళ్లను అడగాల్సినవి

పాత రికార్డుల నాణ్యతకు అక్షరాల గుర్తులుంటాయి: మింట్, నియర్ మింట్, వీజీ ప్లస్, వీజీ, జీ. వినడానికి వీజీ ప్లస్ చాలు. వీజీ అంటే పేరుకు "చాలా బాగుంది" అనే గానీ, పాట మొత్తం చిటపటలు వినిపిస్తాయి. జీ జోలికి పోవద్దు.

మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: చూసి గ్రేడ్ ఇచ్చారా, వాయించి ఇచ్చారా? ముల్లు ఎక్కడైనా ఎగురుతుందా? లేబుల్ పక్కన చెక్కిన అక్షరాల ఫోటో పంపగలరా? మూడోదానికి జవాబు రాకపోతే ఖరీదైన కాపీ కొనొద్దు. నకిలీల్లో అట్ట మీది ఫోటో మసకగా, సన్న అక్షరాల అంచులు చెదిరినట్టుగా ఉంటాయి, చెక్కిన అక్షరాలు డిస్కాగ్స్ ఎంట్రీతో కలవవు.

విదేశం నుంచి తెప్పిస్తే తపాలా ఖర్చు ఒక్కోసారి రికార్డు ధరంత అవుతుంది, పైన కస్టమ్స్ సుంకం. ఒకే అమ్మకందారు దగ్గర మూడు నాలుగు కలిపి తీసుకోండి. రికార్డును అట్టలోంచి తీసి, అట్ట వెనక విడిగా పెట్టి ప్యాక్ చేయమనండి. లోపలే ఉంచి పంపితే దారిలో రికార్డు అంచు తగిలి అట్ట కుట్టు చీలుతుంది.

7. పార్సిల్ వచ్చాక

ఎండలో తిరిగొచ్చిన పార్సిల్‌ను వెంటనే విప్పకండి. గదిలో రెండు మూడు గంటలు బల్లపరుపుగా ఉంచండి. విప్పేటప్పుడు వీడియో తీయండి, తేడా వస్తే అదే మీ సాక్ష్యం.

రికార్డును అంచు, లేబుల్ పట్టుకునే ఎత్తండి. గాడుల మీద వేలు పడకూడదు. కిటికీ వెలుతురుకు వాలుగా తిప్పి చూడండి. గోరుకు తగలని సన్నగీత చాలావరకు వినిపించదు. గోరుకు తగిలేది తప్పకుండా వినిపిస్తుంది. తర్వాత టర్న్‌టేబుల్ మీద పెట్టి, కళ్లు రికార్డు ఎత్తుకు తెచ్చి, తిరుగుతుంటే అంచు చూడండి. కొద్దిగా లేచి దిగితే పర్వాలేదు. ముల్లు చెయ్యి ఎగిరెగిరి పడితే తిప్పి పంపండి. ఎండలో పెట్టి సాపు చేద్దామనుకుంటే మిగిలింది కూడా పోతుంది.

8. శుభ్రం చేసి వాయించడం

ఎ) రికార్డు తిరుగుతుంటే పొడి బ్రష్‌ను రెండు చుట్లు ఆనించి, మెల్లగా బయటికి జార్చండి.

బి) పాత రికార్డు అయితే గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి గాడి పోయే దిశలోనే తుడవండి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. రెండో గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వండి. తడి రికార్డు వాయించొద్దు.

సి) ముల్లు బరువు తూచండి. కార్ట్రిడ్జ్‌తో వచ్చిన కాగితంలో ఉన్న అంకెకే పెట్టండి. ఆడియో టెక్నికా వీఎం95ఈ అయితే 2 గ్రాములు. బరువు తగ్గిస్తే రికార్డు పాడవదనుకోవడం పొరపాటు. తేలిపోయే ముల్లు గాడి గోడలకు కొట్టుకుని ఇంకా ఎక్కువ కోస్తుంది.

డి) వేగం చూడండి. రికార్డు అంచున చిన్న కాగితం ముక్క గుర్తుగా పెట్టి తిప్పండి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో సరిగ్గా 3 నిమిషాలకు 100 చుట్లు తిరగాలి. 99 గానీ 101 గానీ వస్తే ఒక శాతం తేడా ఉన్నట్టు, బెల్టు గానీ స్పీడ్ స్క్రూ గానీ చూడండి.

ఇక అసలు చిక్కు. పంక్‌లో గిటార్ గరగరలాడుతూనే రికార్డయింది. మరి వినిపించేది గిటారా, అరిగిన గాడా? ఇలా తేల్చుకోండి. అదే పాటను, అదే మిక్స్‌ను స్ట్రీమింగ్‌లో అదే చోట వినండి. "డ్యామేజ్డ్" లాంటి ఆల్బమ్ అక్కడా గరుకుగానే ఉంటుంది, అది రికార్డు తప్పు కాదు. గొంతులో "స", "ష" పలికే చోట మాత్రమే చీల్చినట్టు వినిపిస్తే, లేబుల్ దగ్గరికి పోయేకొద్దీ అది పెరుగుతుంటే ముల్లు అమరిక చూడండి. ఇంకో రికార్డులో అదే చోట బాగుంటే ఈ కాపీ గాడే అరిగింది. టక్, టక్ అని సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తే అది అడ్డగీత, ఎందుకంటే ఒక చుట్టుకు పట్టే సమయం అంతే. లెక్క లేకుండా అక్కడక్కడా వచ్చేవి దుమ్ము, స్థిర విద్యుత్తు. మళ్లీ తుడిస్తే తగ్గుతాయి. ఒక్క స్పీకర్‌లోనే గరగర వస్తే టర్న్‌టేబుల్ నుంచి వచ్చే రెండు వైర్లూ అటూ ఇటూ మార్చండి. గరగర కూడా స్పీకర్ మారితే తప్పు కార్ట్రిడ్జ్ వైపుది, మారకపోతే యాంప్లిఫయర్‌దో స్పీకర్‌దో.

45 వేగంలో నడిచే 12 అంగుళాల రికార్డులూ ఉంటాయి. పాట బద్ధకంగా, గొంతు లావుగా ఉంటే లేబుల్ చదవండి.

9. దాచడం

నిలబెట్టండి, పడుకోబెట్టి దొంతర పెట్టొద్దు. వాలకుండా, అలాగని ఇరుక్కోకుండా. అర లోపలి ఎత్తు 33 సెంటీమీటర్లు ఉండాలి. అట్టలతో కలిపి వంద ఎల్పీలు సుమారు 25 కిలోలు తూగుతాయి, పలచటి ప్లైవుడ్ అర కుంగిపోతుంది.

వినైల్ 60 డిగ్రీల దగ్గర్లో మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో నిలిపిన కారు లోపల అంత వేడి ఇట్టే చేరుతుంది, కాబట్టి రికార్డులు కొని కారులో వదిలి భోజనానికి వెళ్లొద్దు. పడమటి గోడకు ఆనించిన బీరువా కూడా మంచిది కాదు. వానాకాలంలో బూజు పట్టేది ముందు అట్టకే. అర వెనక గోడకు నాలుగు వేళ్ల సందు వదలండి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి నెలకోసారి మార్చండి. మెత్తటి పీవీసీ పై కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే వాటిలోని రసాయనం రికార్డుకు తెల్లటి మసకగా అంటుకుంటుంది, అది తుడిస్తే పోదు. పాత కాపీ అలాంటి కవర్లో వస్తే ఆ రోజే పాలీప్రొపిలీన్‌లోకి మార్చండి. పోస్టర్, పాటల కాగితం ఉంటే రికార్డుతో కలపకుండా అట్ట వెనక విడి కవర్లో పెట్టండి.